ఆరు కిలోల అబద్ధం

భార్యను రక్తపరీక్షకు లోపలికి తీసుకెళ్ళి పది నిమిషాలైంది. రిపోర్టు రావడానికి గంట పడుతుందనీ, అందాకా ఆవిడ లోపలే మంచం మీద పడుకుంటుందనీ, డాక్టరు చూసి సంతకం పెట్టాకే మందు ఎక్కిస్తారనీ నర్సు చెప్పింది. చెప్పి, చేతిలోని కార్డు మీద గళ్ళన్నీ నింపుకుంటూ వచ్చి బరువు అన్న గడి దగ్గర ఆగి, ఇంట్లో ఏమైనా చూశారా అంకుల్, మన కాటా ఇంకా బాగవలేదు అంది. ఆవిడ వచ్చాక చెప్తాను అన్నాడాయన. ఎందుకలా అన్నాడో ఆయనకే తెలియదు, గంటసేపు వాయిదా దొరికింది, అంతే. నర్సు ఆ గడి ఖాళీగా వదిలేసి వెళ్ళిపోయింది. ఆయన వరండాలో బల్ల మీద, ఒళ్ళో భార్య చేతిసంచీ పెట్టుకుని, కాళ్ళ పక్కన ఆవిడ చెప్పులు పెట్టుకుని కూర్చున్నాడు, ఎదురుగా గోడవార నిలబడి ఉన్న ఆ కాటా వంక చూడకుండా ఉండటానికి నానా తంటాలూ పడుతూ. కాటా మెడలో కాగితం వేలాడుతోంది, పనిచేయదు అని. పోయిన నెలా ఇదే కాగితం, ఇదే చేతిరాత.

పొద్దున ఇంట్లో కాటా ముల్లు నలభై ఆరు మీద ఆగింది. ఆవిడ గోడ పట్టుకుని ఎక్కి, మెల్లిగా చెయ్యి వదిలి, ఊపిరి బిగబట్టి కిందికి చూసి, చూశారా, తగ్గలేదు అంది. ఆ నలభై ఆరులో నలభయ్యే ఆవిడవి. మిగతా ఆరూ ఆయన కలిపినవి. ముప్పై ఒక్క ఏళ్ళు తూనికల ఆఫీసులో పనిచేసి, కొట్టుకొట్టుకీ తిరిగి కాటాలు సరిచూసి, సరిగ్గా ఉంటే ముద్ర కొట్టి, లేకపోతే ఎర్ర చీటీ కట్టి వచ్చేసిన మనిషి ఆయన. వర్తకులు గ్రాముగారని పేరు పెట్టారు, మొదట్లో వెటకారంగా, పోనుపోను అలవాటుగా, చివరికి అసలు పేరు ఆఫీసు కాగితాల్లో తప్ప ఎక్కడా మిగల్లేదు. గ్రాముగారొస్తున్నారంటే వీధి చివర కొట్టువాడు కూడా పళ్ళెం తుడుచుకునేవాడు. అలాంటి గ్రాముగారు తన ఇంట్లో, తన భార్య కాళ్ళ కింద దొంగకాటా పెట్టాడు. కంచే చేను మేసిందంటారే, అలాగన్నమాట. మేసిన కంచెకి అరిగిందా లేదా అన్నది ఎవరూ అడగరు.

మొదట్లో నాలుగొందల గ్రాములే. ఇదే వరండాలో, ఇదే కాటా మీద, అప్పటికింకా పనిచేస్తూ ఉన్న రోజుల్లో, రెండు నెలల కిందట ఆవిడ యాభై నుంచి నలభై ఏడుకి పడిపోయింది. ఇంటికెళ్ళాక పళ్ళెం పక్కకు నెట్టేసింది. ఇంత తిన్నా తగ్గిపోతుంటే ఇంకెందుకండీ తినడం, చిల్లుకుండకి నీళ్ళు మోసినట్టు అంది. కోపం లేదు, ఏడుపు లేదు, కొట్టు కట్టేస్తున్నవాళ్ళు మాట్లాడినట్టు మాట్లాడింది. రెండు రోజులు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. బతిమాలాడు, తిట్టాడు, చెంచా పట్టుకుని చిన్నపిల్లకి తినిపించినట్టు నోటిదాకా తెచ్చాడు. నోరు తెరవలేదు. మూడో రోజు ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు గుమ్మం పక్కనున్న గుండ్రటి కాటాని తిరగేసి, అడుగున రేకు విప్పి, లోపలి స్ప్రింగు కొక్కేన్ని ఒక పన్ను పక్కకి జరిపాడు. చేతులు వణకలేదు. అది ఆయనకి ఇప్పటికీ ఆశ్చర్యం. ఆవిడ తడిజుట్టుతో వచ్చి ఎక్కి, ఇదేంటండీ, కాస్త పెరిగానే అంది. ఆ పూట అన్నం అడిగి తింది. గిన్నె అంచున అంటుకున్నది కూడా వేలితో తీసి తింది. ఆవిడ తింటుంటే ఎదురుగా కూర్చుని చూసిన ఆ పది నిమిషాల కోసం ఆయన ఆ క్షణాన ఊళ్ళో ఉన్న కాటాలన్నీ పాడుచేసి ఉండేవాడు.

అసలు విద్య అంతా ఎక్కడుందంటే, ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు సున్నా మీదే ఉండాలి. మనిషి ఎక్కినప్పుడే అబద్ధమాడాలి. చేతగాని దొంగ సున్నానే జరిపేస్తాడు, ఎవడైనా పట్టేస్తాడు. తెలిసిన దొంగ సున్నా జోలికి వెళ్ళడు. ఈ ఉపాయం ఆయనకి నేర్పింది ఒక మేకుల వ్యాపారి, నేర్పడమంటే దొరికిపోయి నేర్పడం. సర్వీసులో చేరిన కొత్తల్లో మూడుసార్లు వెళ్ళి మూడుసార్లూ ఏమీ కనిపెట్టలేక తిరిగొచ్చి, నాలుగోసారి కొట్లో ఉన్నవాళ్ళందరి ముందూ కాటా ముక్కలు ముక్కలుగా విప్పి చూపించాడు. ఆ వ్యాపారి ఏమాత్రం జంకకుండా, అయ్యా, కొనుక్కునేవాడు ఎక్కువొచ్చిందనుకుని సంతోషంగా వెళ్తున్నాడు, ఇందులో ఏడ్చేవాడెవడు చెప్పండి అన్నాడు. ఆ మాటకి ఆయన వాడి మొహం మీద చేసిన ఉపన్యాసం ఆఫీసులో పదేళ్ళు చెప్పుకున్నారు. ఉన్నదానికంటే ఎక్కువ చూపించడమే అసలు దొంగతనం, తక్కువ చూపించేవాడిని క్షమించొచ్చు అన్నాడట. నిజంగా అలా అన్నాడో లేదో ఆయనకి గుర్తులేదు, అనే ఉంటాడు, ఆ వయసులో ఏమైనా అంటాడు. ఆ వ్యాపారి ఇప్పుడు బతికుంటే వెళ్ళి ఎదురుగా కూర్చోవాలనుంది.

చక్రాల కుర్చీ ఒకటి కిర్రుమంటూ పోయింది. ఎడమ చక్రానికి నూనె లేదు. పక్క బల్ల మీద ఒకాయన ఎక్స్‌రే కవరుతో విసురుకుంటున్నాడు. ఫినాయిల్ వాసన మీదుగా ఎక్కడినుంచో కాఫీ వాసన వచ్చిపోయింది. భార్య ఉంటే ఈపాటికి ఆ విసురుకుంటున్నాయన ఏం చేసేవాడో, ఇంట్లో ఎంతమందో, చేతిలో కవరు ఎన్ని గ్రాములో చెప్పేసి ఉండేది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. పోస్టాఫీసులో పార్సిళ్ళ కిటికీ దగ్గర ఇరవై ఏడేళ్ళు. ఆయన ఆవిణ్ణి మొదటిసారి చూసింది కూడా కాటా మూలంగానే. ఆ కిటికీ దగ్గరి కాటా ఇరవై గ్రాములు ఎక్కువ చూపిస్తోందని మూడుసార్లు ఫిర్యాదు రాసిందట, ఎలా తెలుసమ్మా అంటే చేత్తో ఎత్తితే తెలుస్తోంది అన్నదట, పైవాళ్ళు నవ్వి ఫైల్లో పెట్టేశారట. నాలుగో ఫిర్యాదుకి ఆయన్ని పంపించారు. పరీక్షరాళ్ళు పెట్టి చూస్తే తేడా పంతొమ్మిది గ్రాములు. ఇరవై కాదు, పంతొమ్మిది అన్నాడు కొంచెం బడాయిగా. మీ రాళ్ళు ఒకసారి చూపించుకోండి అంది ఆవిడ, చీటీ అతికిస్తూ, తలెత్తకుండా. ఆఫీసుకొచ్చి పరీక్షరాళ్ళని పెద్ద త్రాసులో పెట్టి చూశాడు. ఒక రాయి అంచు అరిగి గ్రాము పోయింది. మర్నాడు సెలవు పెట్టి వెళ్ళి ఆ సంగతి చెప్పాడు. తప్పు తనదేనని చెప్పడానికి సెలవు పెట్టి మరీ వచ్చిన మగవాణ్ణి నేను మిమ్మల్నే చూశానని ఆవిడ ఆ తర్వాత ఎన్నేళ్ళో చెప్పింది, అందుకే చేసుకున్నాను, లేకపోతే ఆ మొహానికా అనేది.

పిల్లలు కలగలేదు. ఉన్నవాళ్ళిద్దరూ ఒకరికొకరు పరీక్షరాళ్ళలా బతికారు. సంచీ చేతికిచ్చి ఎంతుంటుందో చెప్పు అనేవాడాయన. ఆవిడ రెండుసార్లు పైకీ కిందికీ ఆడించి చెప్పేది. ఆయన తూచేవాడు. ఓడిన పూట గిన్నెలు కడగాలి. ఎక్కువ పూటలు ఆయనే కడిగాడు. జబ్బు మొదలయ్యాక ఒకసారి నవ్వుతూ అంది, అన్నీ చేత్తో ఎత్తి చెప్పేస్తాను గానీ నన్ను నేను ఎలా ఎత్తుకోనండీ అని. అందుకే మీ కాటా ఉందిగా అంది వెంటనే. మీ కాటా. కిటికీ దగ్గర ఎవరైనా తూకం గురించి గొణిగితే కూడా అంతే, ఇది మా ఆయన చూసిన కాటా, దేవుడు దిగొచ్చినా గ్రాము తేడా రాదు అని కిటికీ లోంచి తల బయటికి పెట్టి మరీ చెప్పేది. ఆయన ఎదుటపడితే మాత్రం అన్నీ ఎత్తిపొడుపులే. పెళ్ళి చెయ్యడానికి వెయ్యి అబద్ధాలాడొచ్చన్నారు పెద్దలు. చేసుకున్నదాన్ని కాపాడుకోవడానికి ఎన్నాడొచ్చో చెప్పకుండా పోయారు. వాళ్ళకీ తెలిసి ఉండదు.

అబద్ధం కూడా అతికినట్టుండాలి కదా, అందుకని వారం వారం సవరించాల్సి వచ్చింది. ఆవిడ తగ్గేకొద్దీ కొక్కెం జరగాలి. ఆదివారం ఆవిడ స్నానం, ఆయన స్ప్రింగు. ఒకసారి ఆవిడ చెయ్యి పట్టుకుని లాగింది, మీరూ ఎక్కండి, నాకు చాకిరీ చేసి చేసి మీరూ చిక్కిపోయారు అంది. ఆయన ఎక్కితే డెబ్భై కాస్తా ఎనభై చూపిస్తుంది, అంతటితో బండారం బయటపడుతుంది. మోకాలు నొప్పని తప్పించుకున్నాడు. అప్పట్నుంచి ఆ మోకాలికి నూనె రాస్తానని ఆవిడ పట్టు పట్టింది. లేని నొప్పికి, వణికే చేతుల్తో, రోజూ పావుగంట రాసింది. అది తలుచుకుంటే ఇప్పుడు నిజంగానే మోకాలు సలుపుతోంది. మొన్న గురువారం అరకిలో పెరిగానని ఆయన అక్కయ్యకి ఫోన్ చేసి చెప్పింది. వదినగారూ, మీ తమ్ముడి వంట పడుతోంది నాకు అంది. అవతల అక్కయ్య సంతోషంతో ఏడ్చింది. ఆయన వంటగదిలో కుళాయి తిప్పి ఆ చప్పుడులో నిలబడ్డాడు.

ఇంతవరకు అయితే సర్దుకోవచ్చు. పోయిన నెల మాటే సర్దుకోవడానికి లేదు. పోయిన నెల ఇదే బల్ల మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు, ఇదే నర్సు ఇదే మాట అడిగింది, భార్య మెడ నిటారుగా పెట్టి నలభై ఏడున్నర అని చెప్పింది. మా ఇంటి కాటా అండీ, మీ హాస్పిటల్ కాటా కంటే నయం, మా ఆయన తూనికల ఆఫీసు అంది. నర్సు నవ్వి రాసుకుంది. ఆయనకి తెలుసు, నిజం నలభై మూడున్నర. మందు బరువును బట్టి ఇస్తారని కూడా తెలుసు, డాక్టరు మొదటి రోజే బొమ్మ గీసి మరీ చెప్పాడు. నోరు తెరవాల్సిన క్షణం వచ్చింది, ఎదురుగా నిలబడింది, వెళ్ళిపోయింది. దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. డాక్టరు గదిలో ఆ క్షణం మళ్ళీ ఒకసారి వచ్చింది. బరువు నిలబడింది, మంచిదే అన్నాడు డాక్టరు, ఆవిడ ఆయన వైపు తిరిగి కళ్ళెగరేసింది, గెలిచినట్టు. ఆ కళ్ళలోకి చూస్తూ ఎలా చెప్పడం? నర్సు చెవిలో చెప్దామంటే కార్డు మీద రాస్తుంది, కార్డు ఆవిడ సంచీలో ఉంటుంది, ఆవిడ దాన్ని పార్సిలు మీద చిరునామా చదివినట్టు ఇటునుంచి అటు, అటునుంచి ఇటు చదువుతుంది. నాలుగు కిలోలేగా, ఏమవుతుంది అనుకున్నాడు. నాలుగు కిలోలేగా అని ఆయన జీవితంలో ఎవరితోనూ అనలేదు, ఎవరినీ అననివ్వలేదు.

తర్వాత మూడు వారాలు. నోరంతా పుళ్ళు, ఆగని వాంతులు, చెంచాడు నీళ్ళు గొంతు దిగితే గొప్ప. ఆయన గిన్నె పట్టుకుని పక్కనే కూర్చున్నాడు, పొద్దుటి ఎండ కిటికీలోంచి మంచం దాకా వచ్చి, మంచం దాటి, గోడెక్కి పోయేదాకా. ఆవిడ తల వాల్చిన ప్రతిసారీ వీపు నిమిరాడు. చేతికి వెన్నుపూసలు ఒక్కొక్కటిగా తగిలేవి. అంత బాధలోనూ, మీరు కాసేపు నడుం వాల్చండి, నా కర్మ నేను పడతాను, మీరేం చేశారు అంది. మీరేం చేశారు. మామూలు మోతాదు ఇచ్చినా ఇలాగే ఉండేదేమోనని మనసు వకాల్తా పుచ్చుకుంటుంది. ఉండేదేమో. ఎవరికి తెలుసు. పంతొమ్మిదికీ ఇరవైకీ మధ్య తేడా తేల్చుకోవడానికి సెలవు పెట్టినవాడు ఈ ఏమో దగ్గర రోజుల తరబడి తలదాచుకున్నాడు. స్నానాలగదిలోంచి మంచం దాకా ఎత్తుకొచ్చినప్పుడల్లా చేతులు వాటంతటవే తూచాయి. నలభై రెండు. నలభై ఒకటి. నిన్న నలభై, ఇంకా కాస్త తక్కువేనేమో. ఆవిడ మెడ చుట్టూ చెయ్యి వేసి, బరువుగా ఉన్నానా అని అడిగింది. ఊఁ, కొంచెం పెరిగావు అన్నాడు. అది ముల్లు చెప్పిన అబద్ధం కూడా కాదు, నోటితో చెప్పింది.

గోడ గడియారంలో ముప్పావుగంట గడిచిపోయింది. ఇంకో పావుగంటకి ఆవిడ వస్తుంది, నర్సు అడుగుతుంది, ఆవిడ నలభై ఆరంటుంది, మెడ నిటారుగా పెట్టి. నలభై కిలోల ఒంట్లోకి నలభై ఆరు కిలోల మందు ఎక్కుతుంది. పోయిన నెల తట్టుకుంది, ఈ నెల తట్టుకోదు. ఇందులో ఏమో లేదు. ఆయన తలెత్తి ఇంతసేపూ తప్పించుకున్న కాటా వంక చూశాడు. నిలువుకడ్డీ, దాని మీద అడ్డకడ్డీ, అడ్డకడ్డీ మీద జరిగే రెండు గుండ్లు. అడ్డకడ్డీ ఎడమకి కూలబడి ఉంది. ఎవరో నేల తుడవడానికి ఈడ్చినప్పుడు అడుగున మీట గూట్లోంచి జారింది, అంతకంటే ఏమీ లేదు, పోయిన నెల చూసినప్పుడే తెలుసు ఆయనకి. పది నిమిషాల పని. పోయిన నెల ఆ పది నిమిషాలూ చేతులు కట్టుకు కూర్చున్నాడు. ఆ సంగతి ఇంతవరకు తనకి తాను కూడా చెప్పుకోలేదు.

నర్సుని అడిగితే మొదట వద్దంది, కంపెనీవాళ్ళొస్తారు, ముట్టుకుంటే నన్నంటారు అంది. ముప్పై ఒక్క ఏళ్ళు ఇదే పని అన్నాడు. పోయిన నెల ఆవిడ చెప్పిన తూనికల ఆఫీసాయన మీరేగా అని నవ్వి, సరే కానివ్వండి అంది. కళ్ళజోడు పెట్టెలో ఎప్పుడూ ఉండే చిన్న స్క్రూడ్రైవరు తీసి, చొక్కా చేతులు మడిచి, నేల మీద మోకాళ్ళూని కూర్చున్నాడు. పలక ఎత్తితే లోపల దూది, ఒక మాత్ర, ఎవరిదో చొక్కా గుండీ. తుడిచాడు. మీటని గూట్లో కూర్చోబెట్టాడు. అడ్డకడ్డీ లేచి, రెండుసార్లు తలాడించి, మధ్యలో నిలబడింది. చేతికి ఎంత హాయిగా ఉందో. అరలీటరు సెలైన్ సీసాలు ఇరవై అడిగి తెప్పించి పలక మీద పేర్చి చూశాడు. సీసాల బరువు తీసేస్తే పదికి పది. అప్పుడు ఒక ఆలోచన వచ్చింది, రాలేదని అబద్ధమాడనక్కర్లేదు. కడ్డీ చివర సవరణ మర ఉంది. నాలుగు చుట్లు తిప్పితే ఇది కూడా నలభై ఆరంటుంది. రెండు కాటాలూ ఒకే మాట మీద ఉంటే లోకంలో ఇక ఎవరూ అడగరు, ఆవిడ ఇంటికెళ్ళి సంతోషంగా అన్నం తింటుంది, తినడానికి నోరుంటే. వేలు మర మీద పెట్టాడు. చల్లగా ఉంది. తీసేశాడు. పాతికేళ్ళప్పుడు ఇలాంటి మరల మీద సీసం పోసి ముద్ర కొట్టేవాడు, ఎవరూ తిప్పకుండా. ఇప్పుడు ముద్ర లేదు, ఉద్యోగం లేదు, తిప్పకుండా ఉండాల్సింది ఆయనొక్కడే. మెడలోని కాగితం చింపి జేబులో పెట్టుకున్నాడు.

తలుపు తెరుచుకుని ఆవిడ గోడ పట్టుకుని వచ్చింది. నేల మీద మోకాళ్ళూని ఉన్న మొగుణ్ణి చూసి నవ్వింది, ఇక్కడ కూడా మొదలుపెట్టారా అని. చూశావా సిస్టర్, నేను చెప్పలా అంది. ఆ నవ్వు మొహం మీద ఇంకా ఉండగానే కాటా ఎక్కింది, ఆయన చెప్పే లోపల, ఆయన లేచే లోపల. నర్సు పెద్ద గుండుని నలభై దగ్గరికి జరిపి, చిన్న గుండుని వేలితో తోసుకుంటూ పోయి ఆపింది. నలభై కిలోల రెండొందలు. కడ్డీ మధ్యలో నిలబడింది, అటూ ఇటూ లేదు.

"సిస్టర్, ఇది తప్పు చూపిస్తోంది. పొద్దున్నే మా ఇంట్లో నలభై ఆరు" అంది ఆవిడ. తర్వాత ఆయన వైపు తిరిగింది. "ఏమండీ, ఎక్కడో పట్టేసినట్టుంది. ఇంకోసారి చూడండి."

నర్సు పెన్ను గాలిలో ఆగింది. అవునని ఒక్క మాటంటే చాలు, ఆవిడే దారి చూపించింది, చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తెచ్చి వదిలినట్టు. ఆయన మోకాళ్ళ మీంచి లేచాడు.

"పట్టెయ్యలేదు. ఇది సరిగ్గానే ఉంది. మన ఇంట్లోదే తప్పు."

"మీరు చూసే కాటా తప్పేంటి?"

"నేనే తప్పు చేసి పెట్టాను. కావాలనే."

ఆవిడ దిగలేదు. కడ్డీ మీద గుండ్ల వంక చూస్తూ అలాగే నిలబడింది, అదేదో పరాయి భాషలో రాసి ఉన్నట్టు. నర్సు ఇద్దరి మొహాలూ చూసి, గడిలో నలభై అని రాసి, పాత అంకెని వేలితో చూసుకుని, డాక్టరు గదివైపు గబగబా వెళ్ళింది. ఆయన చెయ్యి అందించాడు. ఆవిడ కడ్డీ పట్టుకుని దిగింది. బల్ల దాకా నాలుగడుగులు తనే నడిచి, కూర్చుని, సంచీని పక్కన పెట్టుకుంది. సంచీకి ఇవతల ఆయన కూర్చున్నాడు. పక్క బల్ల మీది ఎక్స్‌రే కవరు మనిషి విసురుకోవడం ఆపి మళ్ళీ మొదలుపెట్టాడు.

"పోయిన నెల నేను సిస్టర్‌కి చెప్పింది?"

"అదీ తప్పే. నాలుగు కిలోలు ఎక్కువ."

"మందు దాన్ని బట్టే ఇచ్చారుగా."

"ఊఁ."

ఆవిడ అరచేతులు తిప్పి చూసుకుంది. ఇరవై ఏడేళ్ళు పార్సిళ్ళు ఎత్తిన చేతులు, ఇప్పుడు మణికట్టు దగ్గర గాజు మోచేతిదాకా జారిపోతోంది. ఆ గాజు కాటా కంటే ముందే చెప్పి ఉండాలి ఆవిడకి. చెప్పే ఉంటుంది, ఆయన మాట ఉండగా గాజు మాట వినలేదు. అలా నమ్మడానికి ఎంత బలం కావాలో, ఆ బలమంతా ఎక్కడ ఖర్చయిపోయిందో. తిడుతుందనుకున్నాడు, తిడితే బాగుండుననుకున్నాడు. ముప్పై ఏళ్ళలో కూర చప్పబడిందని కూడా తిట్టిన మనిషి.

"ఆ మూడు వారాలూ గిన్నె పట్టుకున్నారు మీరు. తెలిసే పట్టుకున్నారా?"

"తెలిసే."

తల ఊపింది. అర్థమైందనా, చాలనా, తేల్చుకోలేకపోయాడు. నువ్వు తింటావని చేశాను అని చెప్దామనుకున్నాడు. ఆ మాట నాలుక మీదికి వచ్చేసరికి మేకుల వ్యాపారి మాటలా వినిపించి మింగేశాడు. ఆవిడ ఎదురుగా గోడని చూస్తూ, ఇంట్లో సరుకుల చీటీ సరిచూసుకుంటున్నప్పటి గొంతుతో అడిగింది.

"ఇంకేం పెంచి చెప్పారు నాకు?"

ఈ ప్రశ్న వస్తుందని ఆయన అనుకోలేదు. గంటసేపూ ఆరు కిలోల చుట్టూనే తిరిగాడు. దీని దగ్గరికి మనసు ఒక్కసారి కూడా పోలేదు, పోనివ్వలేదు. రెండు నెలల కిందట, ఆవిడ నలభై ఏడుకి పడిపోయిన ఆ రోజే, డాక్టరు ఆయన్ని ఒక్కణ్ణే పిలిచి తలుపు వేసి చెప్పాడు, ఇక జబ్బు తగ్గించే మందు లేదు, బాధ తగ్గించేదే అని, ఎన్నాళ్ళో కూడా అంకెతో సహా చెప్పాడు. బయటికి రాగానే ఆవిడ, ఏమన్నాడండీ అంది. అప్పటికి చేతిలో స్క్రూడ్రైవరు కూడా లేదు, ఆ అంకెని మూడింతలు చేసి చెప్పేశాడు. కాటా తర్వాత సంగతి, మొదట పాడైంది అక్కడ.

"డాక్టరు ఏడాది అన్నాడని చెప్పాను. ఏడాది అనలేదు."

"ఎంతన్నాడు?"

"నాలుగు నెలలు. రెణ్ణెల్ల కింద."

తీసివేత చిన్నదే. ఆవిడ చాలాసేపు చేసింది. బొటనవేలితో వేళ్ళ కణుపులు తాకుతూ, పెదవులు కదుపుతూ, ఒకసారి అయ్యాక మళ్ళీ మొదటి కణుపు నుంచి చేసింది. ఆయన ఆ వేళ్ళ మీద చెయ్యి వేద్దామని ఎత్తి, సంచీ దాకా వచ్చి, సంచీ మీద పెట్టి ఉంచాడు. ఇంతకాలం బరువూ గడువూ ఆ రెండు అంకెలూ తనొక్కడే మోస్తున్నాననీ, చెప్పేస్తే సగం బరువు దిగుతుందనీ లోలోపల ఎక్కడో ఒక ఆశ ఉండేది ఆయనకి. ఏమీ దిగలేదు. ఇప్పుడు ఇద్దరూ ఆ రెంటినీ ఎవరికి వారు పూర్తిగా మోస్తున్నారు, అంతే.

నర్సు వచ్చి, డాక్టరు మోతాదు తగ్గించి రాశారు, రండి అంది. పాత కార్డు గురించి డాక్టరు మీతో మాట్లాడతారంట అంకుల్ అని ఆయనతో వేరేగా అంది. ఆవిడ బల్ల పట్టుకుని లేచింది. ఆయన అలవాటుగా వెనకే లేచాడు, సంచీ భుజానికి తగిలించుకుని. లోపల మంచం పక్కన స్టూలు ఒకటి ఉంటుంది, ప్రతిసారీ మందు ఎక్కినంతసేపూ దాని మీద ఆయన కూర్చుంటాడు, ఆవిడ వార్డులో వాళ్ళందరి మీదా గుసగుసగా జోకులేస్తుంది. ఆవిడ గుమ్మంలో ఆగి, వెనక్కి తిరక్కుండానే, చెయ్యి చాపి సంచీ తీసుకుంది.

"మీరు బయటే ఉండండి. నేను పిలిచేదాకా రాకండి."

తలుపు సగం మూసుకుంది. ఆగింది. సందులోంచి ఆవిడ భుజం మాత్రం కనిపిస్తోంది.

"పిలుస్తాను" అంది, తలుపు మూసుకుంది.

ఆయన వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. ఎక్స్‌రే కవరు మనిషి వెళ్ళిపోయాడు. ఎవరో ఒకావిడ పిల్లని ఎత్తుకొచ్చి కాటా ఎక్కించింది, పిల్ల ఏడ్చింది, కడ్డీ తలాడించి నిలబడింది, సరిగ్గా. అక్కయ్యకి ఫోన్ చెయ్యాలి. ఇంటికెళ్ళగానే గుమ్మం పక్కది విప్పి కొక్కెం వెనక్కి జరపాలి. రేపటి నుంచి ఆవిడ దాన్ని ఎక్కుతుందో ఎక్కదో తెలియదు, అన్నం తింటుందో తినదో తెలియదు. డాక్టరు ఏమడిగినా ఉన్నదున్నట్టు చెప్పాలి. లోపల మందు చుక్కచుక్కగా పడుతూ ఉంటుంది, స్టూలు ఖాళీగా ఉంటుంది, ఆవిడ కళ్ళు మూసుకుని ఉంటుందో తెరుచుకుని ఉంటుందో. ముప్పై ఏళ్ళలో ఆవిడ ఆయనకి చెప్పిన మాటలన్నీ ఎత్తిపొడుపులే గానీ, వాటిలో ఒక్కటి కూడా అబద్ధం కాదు. పిలుస్తానంది కాబట్టి పిలుస్తుంది. ఎప్పుడన్నది మాత్రం చెప్పలేదు. ఆయన తలుపు వంక చూస్తూ కూర్చున్నాడు.